రమణక్క కార్డు నింపింది నేనే

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నేను దొంగతనం చేయలేదు. ఎవరి డబ్బూ ఎగ్గొట్టలేదు, ఆఖరి పైసా వరకు ఇచ్చేశాను. అందుకే ఇన్నాళ్లూ నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగరని తెలుసు కాబట్టే చేశానా? పేరు చెప్పను. మాది కోనసీమ, ఉండేది కువైట్‌లో, ఒక బ్యాంకు తరఫున మాల్‌లో బల్ల వేసుకుని క్రెడిట్ కార్డులు అంటగట్టేదాన్ని. నా గురించి మీకు అంతవరకు తెలిస్తే చాలు.

అప్పట్లో ఖైతాన్‌లో ఒక పాత ఫ్లాట్‌లో నలుగురు ఆడవాళ్లం కలిసి ఉండేవాళ్లం. అందరిలోకి పెద్దది రమణక్క. రాయచోటి దగ్గరి మనిషి. ఇంటిపనికని వచ్చి, ఏళ్ల తరబడి ఎవరో ఒక మామా దగ్గర (ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు) అంట్లు తోమి, మధ్యలో కుట్టుపని నేర్చుకుని, చివరికి మా వీధిలోనే ఒక టైలరింగ్ షాపుకి వీసా మార్చుకుంది. ఇప్పుడు నన్ను గంట కొట్టి పిలిచేవాళ్లు లేరని మురిసిపోయేది. నన్ను ‘బ్యాంకు పిల్లా’ అనేది. బల్ల దగ్గర నిలబడి కాళ్లు లాగేసే ఉద్యోగానికి ఆ పిలుపు కాస్త ఎక్కువే, అయినా నాకు బాగుండేది.

ఆమె పేరు మీద బ్యాంకులో ఒక పాత మచ్చ ఉంది. కరోనా రోజుల్లో షాపు మూతపడి, తీసుకున్న లోను వాయిదాలు కొన్ని తప్పాయి. తర్వాత రూపాయి మిగల్చకుండా కట్టేసింది, కానీ బ్యాంకులు చూసే క్రెడిట్ స్కోరు పడిపోయింది. ఇంతలో ఆ షాపు నడిపే పెద్దాయన ఊరికి వెళ్లిపోవాలనుకున్నాడు. మిషన్లు కొనుక్కుంటే షాపు రమణక్కే నడుపుకోవచ్చని, షాపు ఎవరి పేరు మీద ఉందో ఆ కువైటీ కఫీల్ కూడా ఒప్పుకున్నాడు. మిషన్లకి లోను కావాలి. లోనుకి పేరు బాగుపడాలి. దారి చెప్పింది నేనే. కొంచెం డబ్బు బ్యాంకులో డిపాజిట్ పెట్టి, దాని మీద చిన్న కార్డు తీసుకోమన్నాను. దాన్ని కొద్దికొద్దిగా వాడి, గడువులోగా కట్టేస్తుంటే పేరు మెల్లగా తేరుకుంటుంది. దగ్గరుండి కార్డు ఇప్పించాను కూడా.

ఒక్కటి మాత్రం ఆమెకి సగమే చెప్పాను. గడువులోగా కట్టు అన్నాను. కార్డు పరిమితిలో మూడో వంతు దాటి వాడకూడదని గట్టిగా చెప్పలేదు. బిల్లు తయారయ్యే రోజున ఎంత వాడి ఉందో లెక్కలో పడిపోతుంది. ఆ తర్వాత మొత్తం కట్టేసినా, చూసేవాళ్లకి కనిపించేది అంచుదాకా వాడేసిన ఆ నిండు కార్డే. పక్కింటావిడ ప్రతి నెలా బియ్యం చేబదులు అడిగి, మాట ప్రకారం తిరిగిచ్చేసినా, వాళ్లింట్లో నిండుకుందేమోనని మనకి అనిపించదూ? బ్యాంకుకీ అంతే. బల్ల దగ్గరికొచ్చిన ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ ఈ బియ్యం సంగతి నవ్వుతూ చెప్పేదాన్ని. నాతో ఒకే వంటగదిలో అన్నం వండుకున్న మనిషికి చెప్పలేదు.

మా ఫ్లాట్‌లో ఒక అలవాటు ఉండేది. విమానం టికెట్లు ఆన్‌లైన్‌లో కొనాలంటే కార్డు కావాలి. మిగతావాళ్ల దగ్గర నోట్లుంటాయి గానీ కార్డుండదు. కార్డున్న మనిషి గీకడం, మిగతావాళ్లు ఆ సాయంత్రమే నోట్లు చేతిలో పెట్టడం. అప్పటిదాకా ఆ కార్డు నాది. ఆ వేసవిలో నేను కూడా ఒక లోనుకి కాగితాలు పెట్టాలనుకున్నాను, రాజమండ్రి దగ్గర ఇంటిస్థలం కోసం. నా కార్డు ఖాళీగా కనిపించాలి. అందుకని నా కార్డు పనిచేయడం లేదని ఫ్లాట్‌లో అబద్ధం చెప్పాను. అక్క కార్డు ఉందిగా, దాని మీద తీసుకుందాం అన్నాను. మొదట రానూ పోనూ నా టికెట్లే కొన్నాను. తర్వాత నెల నా కొత్త ఫోను. ఆ పై నెల మిగిలిన ఇద్దరి టికెట్లు. అక్కది చిన్న కార్డు, రెండు టికెట్లకే అంచుదాకా వచ్చేది.

ఆమె మా నోట్లని జాకెట్టు గుడ్డలో చుట్టి విడిగా దాచేది. బిల్లు వచ్చాక, గడువుకి ముందే, ఒక్క ఫిల్సు తగ్గకుండా కట్టేది. ‘ఇవ్వాళే కట్టేయ్ అక్కా, బిల్లు పడకముందే’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకని అడిగితే చెప్పాల్సి వస్తుంది. చెబితే, మరి నీ కార్డు సంగతేంటని అడుగుతుంది. ఒకటి రెండు నెలలకి ఏమవుతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? నా కార్డు విషయంలో ఆ నమ్మకం ఎందుకు లేదు మరి?

నా లోను మంజూరైంది. స్వీట్లు పంచాను. అందరికంటే ముందు నోరు తెరిచి తిన్నది రమణక్కే. తర్వాత వారానికే ఆమె దరఖాస్తు తిప్పి పంపారు. కారణం ఆమెకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం లోన్ల విభాగంలో తెలిసినాయన చెప్పాడు. పాత వాయిదాలని వాళ్లు పెద్దగా పట్టించుకోలేదట. వరసగా మూడు నెలలు కార్డు నిండుగా ఉంది, ఈవిడకి చేతిలో డబ్బు ఆడటం లేదు అనుకున్నారట.

ఆ సాయంత్రం రమణక్క మాల్‌కి వచ్చింది. మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది.

“ఆ పాత వాయిదాల వల్లనే గదా మ్మే?” అంది.

“అవునక్కా. ఆ మచ్చ అంత తొందరగా పోదు,” అన్నాను.

“నేను చేసుకున్నదే. ఊరికే నిన్ను గూడా తిప్పితి,” అని నా భుజం నిమిరి వెళ్లిపోయింది.

ఆ చెయ్యి ఇప్పటికీ నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది. కార్డు నింపడం ఒక తప్పు. అది స్వార్థం. కానీ తప్పంతా నీదేనని ఒక మంచి మనిషిని నమ్మించడం ఉంది చూశారూ, దానికి నేనింకా పేరు పెట్టుకోలేకపోతున్నాను. సిగ్గుగా ఉంది. రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

షాపు వేరే ఆయన తీసుకుని తన మనుషుల్ని పెట్టుకున్నాడు. రమణక్క మళ్లీ ఇంటిపనికి పోయింది. మళ్లీ మామా, మళ్లీ గంట. ఆ కార్డు మాత్రం రద్దు చేయలేదు, ఫోను రీఛార్జికి వాడుకుంటుంది. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఎవరు కలిసినా, వాయిదా తప్పొద్దు, తప్పి నేను ఇట్లా అయిపోయినానని తన కథే చెబుతుంది. నా అబద్ధానికి ఆమె ఇన్నేళ్లూ ఊరూరా సాక్ష్యం చెప్పింది.

పోయిన శుక్రవారం ఫోన్ చేసింది. మహబూలాలో ఒక కుట్టు షాపువాళ్లు జీతానికి తీసుకుంటామన్నారట. కొన్నాళ్లయ్యాక మిషన్లు కొనిస్తే వాటా కూడా ఇస్తారట. బ్యాంకు ఈసారైనా ఇస్తుందా అని అడిగింది. తప్పకుండా ఇస్తుందక్కా, పాత మచ్చని వాళ్లంతగా పట్టించుకోరు, కార్డు మాత్రం ఇప్పట్లాగే కొంచెమే వాడు అన్నాను. తప్పించుకున్నాననుకున్నాను.

“అట్లయితే ఆ పొద్దు ఎందుకియ్యలేదు మ్మే?” అంది.

ఈసారి అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

“మచ్చ వల్ల కాదక్కా. నీ కార్డు నిండుగా ఉంది. నింపింది నేను. అట్లా నింపితే లోను రాదని నాకప్పుడే తెలుసు.”

ఆమె వెనక ఎక్కడో గంట మోగింది.

“మామా పిలుస్తాంది,” అని పెట్టేసింది.

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. ఆ రాత్రి నాకు చాలా ఏళ్ల తర్వాత ఒళ్లెరగని నిద్ర పట్టింది. పట్టినందుకు పొద్దున్నే మళ్లీ సిగ్గేసింది.

ఆమెకి చెప్పింది కూడా సగమే. మిగతా సగం ముందుగా మీకు చెబుతున్నాను, నోరు అలవాటు పడాలని. రమణక్క తెలివైన మనిషి. పని చేసుకుంటూ ఆలోచిస్తుంది. మళ్లీ ఫోన్ చేస్తుంది. నీకు కార్డు ఉండగా నాది ఎందుకు వాడినావు మ్మే అని అడుగుతుంది.

నాది పాడవకూడదని, అక్కా.