అత్తగారు చేసిన గాజుల ఆట

మా అత్తగారు పోయిన నెల కన్నుమూశారు. మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు, మళ్లీ లేవలేదు. కబురు తెలిసి మా పాతబస్తీ గాజుల దుకాణాల వాళ్లంతా షట్టర్లు దించి వచ్చారు. తన గాజుల దుకాణంలో ఆమె ఎంత గట్టి మనిషో వాళ్లకు తెలుసు. ఆమె ఒక కంప్యూటర్ ఆట తయారుచేశారని మాత్రం చాలామందికి తెలియదు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

నేను కోస్తా నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. కిషన్‌బాగ్‌లో ఒక శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పుతాను. ఒక ఆదివారం ఇంట్లో పాఠం కోసం చిన్న ఆట సిద్ధం చేసుకుంటుంటే అత్తగారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏంది బిడ్డా గిది?"

"ఆట అత్తయ్యా. ఆడతారా?"

"ఆడుడు గాదు. చేసుడు నేర్పు."

లోపలి గదిలోంచి మామగారు నవ్వారు. "గీ వయసుల నీకెందుకే గీ లొల్లి?"

"నీకేం ఫికర్? నీ అన్నం టైముకే పెడ్త."

ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవారు. దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని కీబోర్డు ముందు కూర్చుని, ఒక్కో అక్షరాన్నీ చూపుడు వేలితో వెతికి కొట్టేవారు. నేను ఆగలేక చెయ్యి చాపితే తోసేసేవారు. "నువ్వు చేస్తే నీ ఆటయితది" అనేవారు. ఆ మాట ఇప్పుడు నేను నా విద్యార్థులకు చెబుతుంటాను.

ఏం ఆటో ఆమే తేల్చారు. పైనుంచి రంగురంగుల గాజులు పడుతుంటాయి. కింద బుట్టను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. మూడు పగిలితే ఆట అయిపోయినట్టే. కొత్తవాళ్ల కోసం ఐదు పెట్టమన్నాను. ఒప్పుకోలేదు. "మూడు పలగ్గొట్టినోనికి నా దుకాణంల నౌకరీ ఇయ్య!"

మా కేంద్రంలో విద్యార్థుల ఆటల ప్రదర్శన పెట్టినప్పుడు ఆమె ఆటనూ ఉంచాం. అత్తగారు మామగారినీ వెంట తెచ్చారు. మొదట ఆడిన అమ్మాయి బుట్టను సరిగ్గానే జరిపింది. గాజు మాత్రం బుట్ట అంచులోంచి జారి కిందపడి పగిలింది. ఇంకోటీ అంతే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మామగారు తల దించుకున్నారు. నేను సరిచేయబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. నా ఆట. నేను సూస్త."

కోడ్ తెరిచి, ఒక్కో వరుసా పైకి చదువుతూ పోయారు. నవ్వులు ఆగిపోయాయి. ఒకచోట ఆమె వేలు నిలిచింది.

"నడుమ పడ్డదే పట్టినట్టని రాసిన. అంచు గూడ బుట్టనే గద!"

ఇంట్లో ఆడినన్నాళ్లూ ఆమె ప్రతి గాజునూ నడుమకే పట్టేవారు. అందుకే మా ఇద్దరికీ తెలియలేదు. బుట్టలో ఎక్కడ తగిలినా పట్టినట్టేనని ఆ వరుస తిరగరాశారు, అదే చూపుడు వేలితో. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ అమ్మాయి మళ్లీ ఆడింది. ఎర్రగాజు ఒకటి బుట్ట అంచున నిలిచింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మామగారే. "మా ఇంటామె చేసింది" అని పక్కవాళ్లకు చెబుతూనే ఉన్నారు.

నా పనికి మెప్పులు వచ్చిన రోజులున్నాయి. కానీ "ఆమె కోడలివా?" అని ఆ సాయంత్రం అందరూ అడుగుతుంటే కలిగినంత గర్వం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆటో నయాపూల్ దగ్గర ఇరుక్కుపోయింది. డ్రైవరు విసుక్కుంటుంటే అత్తగారు ముందుకు వంగి, ఇవాళ తన ఆట అందరూ ఆడారని అతనికి ఉర్దూలో చెప్పారు. అతను నమ్మలేనట్టు వెనక్కి తిరిగాడు.

"కైసా గేమ్, అమ్మా?"

ఆమె చేతులు రెండూ దోసిలి పట్టి, అటూ ఇటూ జరుపుతూ చూపించసాగారు. ముందు దారి తెరుచుకుంది. వెనక హారన్లు మోగుతున్నాయి. అతను మాత్రం ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు.