వీపుకు అందని చెయ్యి

గనిలో పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల ఊడి నా కుడి భుజం వెనక పడింది. ఎముక విరగలేదు గానీ కండ చచ్చుబడినట్టయింది. చెయ్యి ఎత్తబోతే ప్రాణం పోయేది. తెలంగాణ వస్తుందా రాదా అని గోదావరిఖని అంతా మాట్లాడుకుంటున్న రోజులవి. నా భార్య అప్పటికే పోయింది. పిల్లలు లేరు. క్వార్టర్‌లో నేనొక్కణ్నే.

దవాఖానలో కొన్నాళ్లు నొప్పి తగ్గడానికి భుజానికి సన్నగా కరెంటు పెట్టాక, ఇంట్లో పెట్టుకోమని చిన్న మిషను, దానికి జిగురు ప్యాడ్లు ఇప్పించారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి జాగ్రత్తలు చెప్పింది.

"అన్నా, వీపు సబ్బుతోటి కడిగి, మంచిగ ఆరినంకనే అంటించాలె. నూనె గిట్ల రాయద్దు. మిషను బంద్ చేసినంకనే తియ్యాలె. వైరు వట్టి గుంజద్దు, అంచు వట్టి మెల్లగ తియ్యి. తీసినంక మల్ల దాని ప్లాస్టిక్ కాగితానికే అంటించు. దుమ్ము తగిలితే జిగురు పోతది."

చివర్లో అడిగింది. "ఇంట్ల పెట్టెటోళ్లు ఎవరన్న ఉన్నరు గద?"

ఉన్నారన్నట్టు తలూపాను.

ఇంటికొచ్చి ఎడమ చేత్తో ఎంత ప్రయత్నించినా నొప్పి ఉన్న చోటికి అందలేదు. ప్యాడ్లను కుర్చీ వీపుకు ఆనించి, జిగురు నావైపు ఉండేట్టు పెట్టి, మెల్లగా వెనక్కి వాలాను. ఒకటి నడుం దగ్గర అంటుకుంది, ఇంకొకటి నేల మీద పడింది. మా దగ్గర నేలంటే ఎంత ఊడ్చినా బొగ్గు పొడే. ప్యాడు నల్లబడింది. తడి వేలితో తుడుస్తూ కూర్చున్నాను. నా భార్య ఉంటే ఈపాటికి తిట్టుకుంటూ పెట్టేసేది.

అప్పుడే గోడ పక్క క్వార్టర్ అవ్వ వాకిట్లోకి వచ్చింది. కొడుకూ కోడలూ డ్యూటీకి పోతే ఆమె కూడా పొద్దంతా ఒంటరే.

"నల్లా వచ్చింది, బిందె పెట్టలేదేంది బిడ్డా?" అంటూ లోపలికి తొంగిచూసింది. నా అవతారం చూసి ఆగిపోయింది.

గబుక్కున చొక్కా మీదికి లాక్కున్నాను.

"సిగ్గేంది? నా కొడుకసొంటోనివి. ఏడ పెట్టాలె, చెప్పు."

చెప్పాను. పెట్టింది. ఊడకుండా అరచేత్తో అదిమి పట్టి, కళ్లు మూసుకుని సన్నగా ప్రార్థన చేసింది. దవాఖానలో తప్ప, నా భార్య పోయాక నా వీపు మీద ఒక మనిషి చెయ్యి పడటం అదే మొదలు. మిషను ఇంకా వేయనేలేదు, ఒళ్లంతా ఝల్లుమంది. నా మొహం ఆమెకు కనబడనందుకు సంతోషించాను.

ఆ తర్వాత రోజూ వచ్చేది. జిగురు ఆరిపోతే నీటిచుక్క వేసి రుద్దేది. చేతులు కడుక్కోనిదే ప్యాడ్లు ముట్టేది కాదు. చెయ్యి తల దాకా లేచింది. నొప్పీ పోయింది. అయినా ఇద్దరం మానలేదు.

ఒకరోజు ఆమే అంది. "నొప్పి లేదని నాకెరుకే. గిది పెట్టకపోతే నాకూ పొద్దు పోతలేదు."

ఆమె కొడుకును మందమర్రికి బదిలీ చేశారు. సామాను ఎక్కిస్తుంటే చెయ్యి ఎత్తి చూపించమంది. ఎత్తాను.

"ఇగ ఫికర్ లేదు, పైలం బిడ్డా" అని ఆటో ఎక్కింది.

నాకు గనిలోకి దిగే పని లేకుండా పైన తేలిక పని ఇచ్చారు. ఆ క్వార్టర్‌కు చాలాకాలం ఎవరూ రాలేదు. సాయంత్రం నల్లా వస్తే, నీళ్లు పట్టుకునే చప్పుడు నా ఒక్క వాకిట్లోనే వినిపించేది.