లేని సినిమా హాలు దగ్గర కుడికి తిరగండి

మా టారిగల్ పేటలో ఎనిడ్ గాఫ్నీని దారి అడగడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. ఇప్పుడు కళ్ళకు కనిపించేది ఏదీ ఆవిడ గుర్తుగా చెప్పదు. ఎప్పుడో కూలిపోయినవే చెబుతుంది.

ఓసారి నా చేపల వేపుడు కొట్టు ముందు ఒకాయన దవడ పట్టుకుని ఆవిడనే అడిగాడు.

"పళ్ళ డాక్టరు ఎక్కడమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎడమకు తిరుగు నాయనా."

"ఐసు ఫ్యాక్టరీ ఎక్కడ?"

"పడగొట్టి టైర్ల షాపు కట్టారుగా!"

"అయితే టైర్ల షాపు అని చెప్పొచ్చుగా తల్లీ!"

"అది నిన్నగాక మొన్న వచ్చింది. రేపుంటుందో లేదో!"

ఆ టైర్ల షాపు నా పెళ్ళికి ముందు నుంచీ ఉంది. నాకిప్పుడు మనవలు.

ఇళ్ళ సంగతీ అంతే. కొట్టు వెనకున్న మా ఇంట్లోనే నేను పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేశాను. ఎనిడ్‌కి మాత్రం అది మాకు అమ్మి వెళ్ళిపోయిన హాలొరన్ వాళ్ళ ఇల్లే. "మా ఇల్లు మాదెప్పుడవుతుంది?" అని ఉక్రోషంగా అడిగాను. "మీరు అమ్మేసి వెళ్ళిపోయాక" అంది.

మా పేట చరిత్ర సంఘానికి అధ్యక్షురాలూ ఆవిడే, సభ్యురాలూ ఆవిడే. కొత్తగా ఎవరొచ్చినా పాఠం తప్పదు. పెట్రోలు బంకులో అమ్మాయిని వదిలిందా? లేదు. టోంగా దీవుల నుంచి వలస వచ్చిన బస్సు డ్రైవరు సియోనేకైతే చుక్కలు చూపించింది. లైబ్రరీ రాగానే దిగకుండా బస్సు మెట్టు మీద నిలబడిపోయేది.

"ఇది ఏ స్టాపు బాబూ?"

"లైబ్రరీ అమ్మా."

"తప్పు!"

"దిగు మహాతల్లీ, నీకు పుణ్యముంటుంది!" అని వెనక సీట్లలో గోల. పూర్వం అక్కడున్నది సినిమా హాలు. ఆ మాట సియోనే నోటితో అనిపించాకే దిగేది.

ఎనిడ్ పక్కింటి క్లారీ ఒకప్పుడు ట్రాము నడిపాడు. ముసలితనంలో మతి వెనక్కి పోయి, ఆ ట్రాముల కాలంలోనే ఆగిపోయింది. రెండుసార్లు తప్పిపోతే పోలీసులు తెచ్చి దిగబెట్టారు. "ఇంకొక్కసారి ఇలా జరిగితే గేటుకి తాళం వేసే వృద్ధాశ్రమంలో పెట్టాల్సిందే. నాకు మాత్రం ఇష్టమా?" అని కూతురు లినెట్ నా కొట్లోనే ఏడ్చింది.

కిందటివారం అంతపనీ అయింది. లినెట్ మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నాన్న లేడు. రొప్పుకుంటూ నా కొట్టుకి పరుగెత్తుకొచ్చింది. అక్కడే ఉన్న ఎనిడ్ తాగుతున్న టీ వదిలేసి లేచింది. నేను పోలీసులకు ఫోను చెయ్యబోతుంటే స్టాపే లేని మా కొట్టు ముందు బస్సు ఆగింది. క్లారీ దర్జాగా దిగాడు.

"ఈ కుర్రాడు బండి బాగానే తోలుతున్నాడు. గంట కొట్టడమే రాదు."

"ఎక్కడ దొరికాడు?" అంది లినెట్.

"తప్పిపోతేగా అక్కా, దొరకడానికి!" అన్నాడు సియోనే. "ట్రాము డిపో ఎటని పెట్రోలు బంకులో అడిగారట. ఆ అమ్మాయి 'డిపోకి ఇవాళ సెలవు తాతా, పద' అని ఐసు ఫ్యాక్టరీ దాకా తీసుకెళ్ళింది. టైర్ల షాపాయన సినిమా హాలు దగ్గర దిగబెట్టాడు. నేను హాలొరన్ వాళ్ళ ఇంటి మీదుగా వెళ్తున్నా, ఎక్కండన్నాను. హాయిగా ఎక్కారు."

నాకు అప్పుడు వెలిగింది. క్లారీ మతి తప్పాకే కదా ఎనిడ్‌కి ఈ పాఠాల పిచ్చి ముదిరింది!

"ఇదంతా నాన్న కోసమా?" అంది లినెట్.

"ఛ! చరిత్ర కోసం" అంటూ ఎనిడ్ కళ్ళు తుడుచుకుంది.

"ముందే చెబితే మేమే నేర్చుకునేవాళ్ళం కదే!" అన్నాను.

"జాలిపడి నేర్చుకుంటే వారంలో మర్చిపోతారు. నన్ను తిట్టుకుంటూ నేర్చుకున్నారుగా, ఇక చచ్చినా మర్చిపోరు."

లినెట్ ఆవిడని గట్టిగా వాటేసుకుంది. ఆశ్రమం మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు ఎవరో వచ్చి లైబ్రరీ ఎక్కడని నన్నడిగారు. "సినిమా హాల్లో" అనేశాను. ఆయన నోరు తెరుచుకుని చూస్తుంటే, వెనకాల చేప ముక్క నములుతున్న ఎనిడ్ "శభాష్!" అంది.

ఇదే అదను అనుకుని అడిగాను. "మరి ఇప్పుడైనా మా ఇల్లు మాదేనా?"

"క్లారీ ఉన్నన్నాళ్ళూ హాలొరన్ వాళ్ళదే."

"అయితే నూరేళ్ళూ వాళ్ళదిగానే ఉండనీ" అన్నాను, ఆవిడ పొట్లంలో ఇంకో ముక్క వేస్తూ.