నడుముకు కట్టిన బెల్లం

నా చిన్నప్పుడు మా చెరుకు తోటకు కావలి ఒక గోధుమరంగు కుక్క. బోధన్ దాటాక నిజాంసాగర్ కాలువ పక్కన ఉండేది ఆ తోట. అడవిపందులు వస్తే కట్ట దాటేదాకా తరిమేది. బెల్లం వండే రోజుల్లో కడాయికి అంటుకున్నదంతా గోకి దాని నోట్లో పెట్టేదాన్ని. తర్వాత ఇంట్లో బెల్లం కూడా దొంగతనంగా పెట్టాను. అది తోక ఊపితే చాలు, నాకు ప్రాణం లేచొచ్చేది.

రెండేళ్లకు కుక్క పీపాలా అయింది. వెనక కాళ్లు పట్టేసి, లేవాలంటే మూలిగేది. మూలిగితే పాపమని ఇంకో ముక్క పెట్టేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన ఒకటే మాట అన్నాడు. "కావలికి పనికిరాని కుక్కకు బువ్వ దండుగ. కోతలు అయ్యేలోపు ఉరికిందా సరి, లేకుంటే ఏడనన్న ఇడిసిపెట్టొస్త."

ఏడుస్తూ మా వాడలో టాంగా తోలే చాచా దగ్గరికి పోయాను. గుర్రాల కాళ్లు చూసి చూసి ఆయనకు కీళ్ల సంగతి బాగా తెలుసు. కుక్క కాళ్లు తడిమాడు. పక్కటెముకల కోసం వెతికితే చేతికి కొవ్వే తగిలింది. ఏం పెడుతున్నానో అడిగి తెలుసుకున్నాడు, తిట్టలేదు. మా ఇంటి నుంచే పెద్ద బెల్లం ముద్ద తెప్పించి, తన రుమాలుతో నా నడుముకు కట్టి, కాలువ కట్ట ఎక్కి దిగమన్నాడు. నాలుగోసారికి మోకాళ్లు నొప్పెట్టాయి. తాళలేక ముడి విప్పేశాను.

"నువ్వైతే ఇప్పుకున్నవ్ బేటీ. దానికి ఇప్పుకునుడు రాదు గద."

ఆ రోజు నుంచి బెల్లం బంద్. పూటకు సగం జొన్నరొట్టె, ఉడికించిన గుడ్డు, పొద్దున సాయంత్రం మెల్లగా నడక. అది నా ఖాళీ చేతులు నాకి మొహంలోకి చూసేది. అయినా పెట్టలేదు.

కోతలు ముగిసేసరికి పక్కటెముకలు చేతికి తగిలాయి. కానీ అది ఉరకలేదు. అరిగిన కీలు మళ్లీ మొలవదని చాచా ముందే చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఆగమని బాపును అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఒక పొద్దున బాపు సైకిల్ తీసి ఈల వేశాడు. ఎన్నాళ్లకో అది మూలగకుండా లేచింది. లేచి ఆయన వెనకే నడిచి వెళ్లింది. సాయంత్రం బాపు ఒక్కడే వచ్చాడు.

ఇప్పటికీ ఎవరైనా కుక్కకు జిలేబీ ముక్క అందిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేస్తాను. పిసినారి ముసలిదని నా మనవలే అంటారు. అననీ. బాపును ఎన్నడో క్షమించాను. ఆయన దాన్ని వదిలిపెట్టి వచ్చాడు, అంతే. దాని కాళ్లు పోగొట్టింది నేను.