వాయిదా రోజు సంచులు

ప్రయాణమై బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదంటారు. మా బసవపున్నయ్యగారిని అడగాల్సిన పనే లేదు. ఆయన బళ్ళారి కోర్టు వాయిదా ఏ తేదీనో మా క్యాంపులో ప్రతి ఇంటి క్యాలెండరు మీదా సున్నా చుట్టి ఉండేది. మా ఇంట్లో ఏకాదశి పక్కన.

కోస్తా నుంచి వచ్చి తెక్కలకోట దగ్గర కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళం మేము. మాలాంటి వాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. బసవపున్నయ్యగారిది చిట్టచివరి ఎకరన్నర. దానికి నీళ్ళు ఇక్కడి రైతు కెంచప్ప పొలంలోంచి పారాలి. కెంచప్ప పిల్లకాలువకి అడ్డకట్ట వేశాడు. వారానికి మూడు రోజులు నీళ్ళిప్పించమని డెబ్భై నాలుగులో ఈయన కేసు వేశారు. ఎనభై మూడు వచ్చేసరికి కేసుకి తొమ్మిదేళ్ళు, ఆయన మోకాళ్ళకి అరవై రెండు.

వాయిదా రోజు పొద్దున్నే ఆయన అరుగు నిండిపోయేది. రిపేరుకి కళ్ళజోడు, పెళ్ళిచూపుల ఫోటో, ఒకసారి కట్టుడుపళ్ళ సెట్టు. "ఎలాగూ వెళ్తున్నారుగా" అనేవాళ్ళం. సాయంత్రం బస్సు దిగగానే ముందు మా వస్తువు చేరిందా అని, తర్వాత కేసు వాయిదా పడిందా అని అడిగేవాళ్ళం. పడిందంటే మా మొహాలు విప్పారేవి. సిగ్గే, కానీ నిజం.

కెంచప్పా అదే ఏడు గంటల బస్సెక్కేవాడు. మొదటి రెండేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఈయన మోసే బరువు చూడలేక అతనే ఒక సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక బస్సులోనే పంపకాలు. ఆస్పత్రి వైపు అతను, బజారూ హాస్టలూ ఈయన. కేసు పిలిచేసరికి ఎప్పుడూ మధ్యాహ్నం దాటేది కాబట్టి సరిపోయేది.

ఆ శ్రావణంలో ఆఖరి వాయిదా వచ్చింది. "ఈసారి మొదటి కేసు మీదే, పదకొండుకల్లా ఉండండి" అని వకీలు కబురంపాడు. అది మాకూ తెలుసు. తెలిసే మా ఆవిడ సరోజినీదేవి, బళ్ళారి హాస్టల్లో ఉండి చదువుతున్న మా అమ్మాయికని గోంగూర పచ్చడి జాడీ ఆయన అరుగు మీదికి పట్టుకెళ్ళింది.

"పిల్ల చేతికే ఇవ్వండన్నయ్యగారూ. వార్డెనుకిస్తే అడుగు కూడా మిగల్చదు."

"క్లాసులో ఉంటుందేమోనమ్మా."

"కాసేపు కూర్చుంటే వచ్చేస్తుందండీ."

నేను పక్కనే ఉన్నాను. వద్దనొచ్చు. జాడీ మూతకి గుడ్డ ఇంకో చుట్టు చుట్టి ఇచ్చాను.

ఎదురింటి సుందరమ్మగారు పరీక్షకి పంపిన సీసా బస్సులో కెంచప్ప వంతుకొచ్చింది.

"ఏందప్పా పున్నయ్యా ఇది, ఇంకా వెచ్చగుండాది?"

"ఆస్పత్రిలో ఇవ్వాలయ్యా. ఒంటేలు."

"అయ్యో శివనే! టీ పోసిచ్చినారేమో అనుకుంటి!"

తర్వాతి సంగతంతా కెంచప్ప చెప్పగా విన్నదే. మా అమ్మాయి పదకొండున్నరకి గానీ క్లాసులోంచి బయటికి రాలేదు. ఆస్పత్రి వరసలో కెంచప్ప అంతకన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. చివరికి "సుందరమ్మా!" అని పిలిస్తే, అందరూ చూస్తుండగా తనే చెయ్యెత్తాడు.

బసవపున్నయ్యగారు కోర్టు మెట్లెక్కేసరికి పన్నెండు దాటింది. మూడుసార్లు పిలిచామనీ, వాదీ లేడు, ప్రతివాదీ లేడు, వకీళ్ళిద్దరూ వేరే కోర్టులో ఉన్నారనీ, కేసు కొట్టేశారనీ బంట్రోతు చెప్పాడు. నెలలోగా అర్జీ పెడితే మళ్ళీ తెరుస్తారట.

ఆయన మెట్టు మీదే కూలబడ్డారు. కెంచప్ప రొప్పుతూ వచ్చాడు, విన్నాడు, పక్కనే కూర్చున్నాడు.

"నేనొక్కన్నే వచ్చింటే గెలిచింటాన్నప్పా."

"గెలిచేవాడివే."

"మళ్ళా అర్జీ యేస్తావా?"

"నా కాళ్ళు చూడు కెంచప్పా. నాకు కేసొద్దు. నీళ్ళు కావాలి."

కెంచప్ప ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడట.

"వారానికొక దినం, శుక్రవారం, నీళ్ళు వదుల్తా. కాయిదం గీయిదం అడగొద్దు."

"నేను మూడు రోజులడిగాను."

"ఒక్కటే."

"సరే."

సాయంత్రం బస్సు దగ్గర మేమంతా మామూలుగానే నిలబడ్డాం. పచ్చడి చేరిందన్నారు. ఇక వాయిదాలు లేవన్నారు. "అయ్యో" అన్నాం. ఆయన మమ్మల్నందర్నీ ఒకసారి చూసి ఇంటికి నడిచారు.

నాకు శుక్రవారందాకా నిద్ర పట్టలేదంటే అబద్ధం. పట్టింది. కానీ ఆ పొద్దున్నే చివరి చేను దాకా వెళ్ళాను. పిల్లకాలువలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. బసవపున్నయ్యగారు గట్టు మీద తుండు పరుచుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. మొదటి మడి నిండి పొర్లుతోంది. లేపబోయి మానేశాను. పార తీసుకుని, మడవ మార్చి నీళ్ళు రెండో మడికి తిప్పాను.