నాంపల్లి గదిల సాకే తాగినాయన

దయ్యాలు, గాలి సోకుడు అని ఎవరన్నా చెప్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పటికీ అది దయ్యమని నేను అనను. జరిగింది జరిగినట్టు చెప్తున్న, అంతే.

నేను ఆబిడ్స్‌ల ఒక చెప్పుల దుకాణంల పనిచేస్త. అప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల, మొదటి అంతస్తుల ఒక్క గది కిరాయికి తీసుకొని ఉండేటోణ్ణి. నా చిన్నప్పటి దోస్తు శ్రీను కంపెనీ పని మీద కొన్ని నెలలు జపాన్‌ల ఉండి వచ్చిండు. వస్తవస్త సాకే తెచ్చిండు. బియ్యంతోని చేసే మందు అది. మూడు సీసాలు, మూడు రకాలు.

ఆదివారం మధ్యాహ్నం నా గదిలనే కూసున్నం. మా ఇంకో దోస్తు యాదగిరికి బేగం బజార్ల మసాలా దుకాణం ఉన్నది. పల్లీలు, వేయించిన చేపలు వాడే పట్టుకొచ్చిండు.

ఇంకొకాయన కూడ ఉండె. నలభై ఏండ్లుంటయేమో. తెల్ల చొక్కా, ఎడమ చెవి కింద కాలిన మచ్చ. నవ్వుకుంట గోడకానుకొని కూసున్నడు. యాదగిరి వెంట వచ్చిండనుకొని నేనే ఆయనకు కప్పు ఇచ్చిన.

మొదటిది చల్లగ తాగేది. ముక్కు దగ్గర పెడితే పండిన జామపండు వాసన. మింగినంక తీపి జరసేపు నాలుక మీద ఉండి పోయింది. రెండోది తెల్లగ, అడుగున పిండి పేరుకొని ఉన్నది.

"ఇదేందిరా, కుడితి లెక్కున్నది," అని యాదగిరి నవ్విండు. తాగినంక మాత్రం మళ్ళా కప్పు చాపిండు. నాకైతే ఈత కల్లు యాదికొచ్చింది.

మూడోదాన్ని శ్రీను వేడినీళ్ళ గిన్నెల పెట్టి వెచ్చజేసిండు. తీపి తక్కువ, ఘాటెక్కువ. ఛాతీలకు మెల్లగ దిగింది. గటగట తాగొద్దు, నోట్లె జరసేపు ఆపి మింగాలె అని శ్రీను చెప్తుంటే ఆయన తలూపిండు. కండ్లు మూసుకొని ఇష్టంగ తాగిండు.

ఆ సీసా కూడ ఖాళీ అయింది.

"ఇంకున్నదా?" అన్నడాయన. అప్పటిదాంక నోరు తెరవలే.

"అయిపోయిందన్నా," అన్నడు శ్రీను.

ఆయన నవ్వుకుంటనే శ్రీను జుట్టు పట్టి మొఖాన్ని గోడకేసి కొట్టిండు. పళ్ళు విరిగిన చప్పుడు నాకు వినబడ్డది. మళ్ళా కొట్టిండు. అడ్డం పోయిన యాదగిరిని గొంతు పట్టి కింద పడేసి, ఖాళీ సీసాతోని మొఖం మీద బాదిండు. సీసా పగిలింది. పగిలినంక కూడ ఆపలే. నేను వెనక నుంచి పట్టుకుంటే నా మోచెయ్యి వెనక్కి విరిచిండు. నెత్తురుల కాలు జారి పడ్డ. పక్కటెముకల మీద తన్నుతనే ఉన్నడు. ఇంత జేస్తున్నా ఆయనకు ఆయాసం రాలే.

కింద నుంచి ఓనరమ్మ ఉరికొచ్చి తలుపు బాదింది. తన్నుడు ఆగింది. నేను పాక్కుంట పోయి గొళ్ళెం తీసిన. లోపల నుంచి పెట్టిన గొళ్ళెం. వెనక్కి తిరిగి చూస్తే గదిల మేం ముగ్గురమే. కిటికీకి ఇనుప చువ్వలు. ఇంకో దారి లేదు.

"ఆయనేడి?" అన్న.

"ఎవరు బిడ్డా? మీరు ముగ్గురే గద పైన ఉన్నది," అన్నదామె. పొద్దటి నుంచి మెట్ల కాడనే కూసొని చింతపండుల గింజలు తీస్తున్నదట.

దవాఖానల యాదగిరి అడిగిండు, "ఎవడ్రా వాడు? శ్రీను దోస్తా?" శ్రీనేమో నేను పిలిచిన మనిషి అనుకున్నడట.

తాగి మీల మీరే కొట్టుకున్నరని పోలీసులన్నరు. వాళ్ళ స్థానంల ఉంటే నేనూ అదే అందును. కానీ వేరువేరుగ అడిగితే ముగ్గురం అదే చొక్కా, అదే మచ్చ చెప్పినం. డాక్టర్ మా చేతులు తిప్పి తిప్పి చూసిండు. అంతగనం కొట్టినోళ్ళ పిడికిళ్ళకు దెబ్బ తగలాలె. మా ముగ్గురి పిడికిళ్ళ మీద ఒక్క గీరుడు లేదు.

యాదగిరికి కుడి కన్ను పోయింది. శ్రీను కట్టుడు పళ్ళు పెట్టించుకున్నడు. నేను గది ఖాళీ చేసి కాచిగూడకు మారిన. ఆ ఇంట్ల ముందు ఏమన్నా జరిగిందా అని గల్లీల చాలామందిని అడిగిన. అట్లాంటిదేం లేదన్నరు.

నా చెయ్యి ఇప్పటికీ పూరా చాపరాదు. దానికి అలవాటు పడ్డ. అలవాటు కానిది ఇంకొకటున్నది. నా గదిల, నా పక్కన, ఒక్క ప్లేటులనే చేపలు తినుకుంట కూసున్నడు ఆ మనిషి. నీ పేరేందన్నా అని ఒక్కసారన్న ఎందుకు అడగలేదో, ఎంత ఆలోచించినా నాకు సమజైతలేదు.