అకరికి రెక్కలు మొలిచేదాకా

మా బావ టెలెస్ఫొరో బతుకంతా షింగు నది అడుగునే గడిచింది. పడవలోని కంప్రెసర్ నుంచి గాలొచ్చే గొట్టం పళ్ల మధ్య బిగించి, రాళ్ల సందుల్లో పుల్లతో అదిలించి అకరి చేపల్ని పట్టేవాడు. నలుపు మీద పసుపు చుక్కలుండే ఆ చేపల్ని అల్తమీరా పట్నం వ్యాపారులు కొని ఎక్కడెక్కడి గాజు తొట్లకో పంపేవారు. ఒక ఎండాకాలం గొట్టంలో గాలి ఆగిపోతే లోతులోంచి ఒక్క ఊపున పైకొచ్చేశాడు. ప్రాణం దక్కింది గానీ, అంత లోతు నుంచి ఒక్కసారిగా తేలినందుకు ఎడమకాలు చచ్చుబడింది. తర్వాత ఆనకట్ట వచ్చి, నదిలో వాళ్లు కాపురముండే దీవిని ముంచింది. బావని, మా అక్క ఒస్మరీనాని ఊరి చివర సిమెంటు ఇంట్లోకి మార్చారు. అక్కడ నది కనపడదు, వినపడదు.

బావ ఊయల్లో పడుకుని పైకప్పు చూస్తుండేవాడు. నేను వెళితే చాలు, నీళ్లు తగ్గాయా, రాళ్ల మీద పాచి పట్టిందా అని అడిగేవాడు. అక్క మాట మార్చేసేది. దీవిలో పోయిన పండ్ల చెట్లు తనకూ గుర్తొచ్చేవి.

ఒకరోజు వ్యాపారి పారేయబోతున్న ఒక అకరిని నేను బకెట్లో తీసుకెళ్లాను. ఇరుకు పెట్టెలో తోటి చేపలు కొరికేయడంతో దాని రెక్కలు పీలికలయ్యాయి, పొట్ట లోపలికి పోయింది. బావ లేచి కూర్చున్నాడు.

"బట్టల టబ్బు ఖాళీ చెయ్యవే," అన్నాడు.

"మరి బట్టలు నీ నెత్తి మీద ఉతకనా?" అంది అక్క. అంటూనే ఖాళీ చేసింది.

కుళాయి నీళ్లకి మందు వాసన. వాటిని ఎండలో నిలవబెట్టి, వాసన పోయాకే కొంచెం కొంచెంగా మార్చేవాడు. నాచేత నదిలో నానిన మొద్దుముక్క, పాచి రాళ్లు తెప్పించాడు. మాంసం ముక్క వేస్తే త్వరగా కోలుకుంటుందని పక్కింటాయన చెబితే, దీని పేగు పాచికి అలవాటుపడిందనీ, మాంసానికి పొట్ట ఉబ్బి చస్తుందనీ అన్నాడు. చాలా రోజులు అది దేన్నీ ముట్టలేదు. ఒక ఉదయం చూస్తే రాయి మీద పాచి గీకిన చారలున్నాయి. బావ అక్కని కేకేసి పిలిచి మరీ చూపించాడు.

రోజూ రాళ్లు తేవడం నావల్ల కాలేదు. అప్పుడు అక్కే, ఎవరూ అడక్కుండా, లేత గుమ్మడి ముక్కల్ని వేడినీళ్లలో మెత్తబరిచి, గులకరాయి కట్టి టబ్బులో దించడం మొదలుపెట్టింది. మిగిలింది పులవకముందే తీసేసేది. చేప పొట్ట నిండింది. చిరిగిన అంచుల్లో ముందు గాజులాంటి పలచని పొర వచ్చింది, అందులో ముళ్లు సాగాయి, పసుపు రంగు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది.

రెక్కలు పూర్తిగా విచ్చుకున్నాక బావ దాన్ని నదిలో వదిలేద్దామన్నాడు.

"ఉంచుకోవచ్చుగా. నీకూ తోడుంటుంది," అంది అక్క.

"నేనెటూ పోలేను. అది పోగలదు కదే," అన్నాడు.

అకరిని బకెట్లో పెట్టుకుని ముగ్గురం నా పడవలో బయల్దేరాం. దీవి ఉన్నచోట నీళ్లు కదలకుండా పరుచుకున్నాయి, ఎండిన చెట్ల కొనలు మాత్రం పైకి లేచి ఉన్నాయి. నేను ఇంజను ఆపాను. అక్క ఒకచోటు చూపించి, "మన పొయ్యి అక్కడ," అంది. ఆగిన నీళ్లలో అకరి బతకదని బావ ఇంకా పైకి పొమ్మన్నాడు. చాలా దూరం పోయాక రాళ్ల మీద నీటి హోరు వినిపించింది.

తనే దిగి వదులుతానన్నాడు బావ. అక్క తిట్టింది. చివరికి నేను చంకల కింద పట్టుకుని దించి, నీళ్లలో ఒక రాతి మీద కూర్చోబెట్టాను. గుండెలదాకా నీళ్లొచ్చేసరికి ఆ చచ్చుబడిన కాలు తేలింది, నా చెయ్యి వదిలించుకున్నాడు. బకెట్ వంచాడు. అకరి అతని అరచేతి పక్కనే రాతికి అతుక్కుని కాసేపు ఉండి, సందులోకి జారుకుంది. బావ మొహం నీళ్లలో ముంచి అలాగే ఉండిపోయాడు. అక్క కంగారుగా భుజం పట్టి లాగింది.

"వింటున్నానే. రాళ్లు దొర్లుతున్నాయి," అన్నాడు.

అక్క పావడా ఎగ్గట్టి దిగి అతని పక్కన కూర్చుంది. నేను ఒడ్డున చేపలు కాల్చి, కర్రపెండలం పిండితో ఇచ్చాను. నీళ్లలోనే తిన్నారు.

"మనం ఇక్కడే ఉండిపోతే ఏమవుతుందే?" అని అడిగాడు బావ.

అక్క అతని పక్కకి ఇంకాస్త జరిగింది. లేవమని అనలేదు. ఎండ అవతలి గట్టు దాటాక, చీకటి పడకముందే తిరిగి పోక తప్పదని, నేనే వెళ్లి బావని లేపాను.